మంగాయమ్మగారు కూర్చున్న చోట

కార్తీక శుద్ధ తదియ. గాలి ఈశాన్యం, తేలిక.

ఉదయం మూడు యంత్రాల ఫ్యాన్ల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. తేమ పీల్చడానికి పెట్టిన బియ్యం మూటలు మార్చి, పాత బియ్యం కోళ్ళకు పంపించాను. సోలార్ రేకుల మీద కొంగల రెట్ట కడిగేసరికి తొమ్మిదయింది.

ఈ పుస్తకంలో యంత్రాల సంగతులు తప్ప సొంత సంగతులు రాయకూడదని మొదటి పేజీలో ఉంది. ఆ మాట రాసింది ఒకప్పుడు ఇక్కడ కూర్చుని ఊరికి జవాబులు చెప్పిన మంగాయమ్మగారు. ఆవిడే మూడో పేజీలో తన పంటి నొప్పి గురించి అరపేజీ రాసుకున్నారు. కాబట్టి నాకూ కొంత చెల్లుతుంది.

సాయంత్రం ఆరున్నరకు గౌతమి మొరాయించింది. ఈ నెలలో ఇది నాలుగోసారి.

గౌతమి, వశిష్ఠ, వైనతేయ మా మూడు లినక్స్ సర్వర్లు. నేల ఉన్న రోజుల్లో అవి గోదావరి పాయల పేర్లు. ఇప్పుడు ఆ పాయలు ఎక్కడ పారేవో చూపించాలంటే గడ నీళ్ళలోకి నిలువుగా దించి, ఇక్కడ, అనాలి. ఊరి లెక్కలన్నీ గౌతమి మీదున్న డేటాబేసులో ఉంటాయి. ఏ పంటు ఎక్కడ కట్టి ఉంది, ఎవరి మంచినీళ్ళ వంతు ఎప్పుడు, ఎవరికి ఏ మందు పడదు, అన్నీ. వశిష్ఠ, వైనతేయ దాని నకళ్ళు. గౌతమిలో ఏది రాసినా కాసేపట్లో ఆ రెండింటిలోకీ చేరుతుంది. గౌతమికి ఏమైనా అయితే పనికొస్తాయని పెట్టాం. తక్కిన రోజుల్లో వాటికి పని లేదు.

పంటు అంటే మా అమ్మమ్మ నాటికి రేవు దాటించే బల్లకట్టు. మాకు ఇల్లు. ఊరు కట్టినప్పుడు తొంభై పంట్లు. ముప్పై ఎనిమిదేళ్ళకు నాలుగు వందల పన్నెండయ్యాయి. ప్రతి పంటులోనూ ఒక పలక ఉంది. ఏది కావాలన్నా దాని మీద వేలు పెడితే గౌతమి జవాబు చెబుతుంది. సాయంత్రం వంటలయ్యాక అందరూ గొంతుల గది తెరుస్తారు. పాత ఊళ్ళ పెద్దవాళ్ళ మాటలు అందులో దాచాం. ఒకావిడ కొబ్బరితోటలో బావి ఎలా తవ్వారో చెబుతుంది. ఒకాయన సైకిలు మీద సినిమాకి వెళ్ళే దారిని మలుపు మలుపూ చెబుతాడు. ఆ దారి మీద ఇప్పుడు ఏడు బారల నీళ్ళున్నాయి. అయినా చిన్నపిల్లలకు కూడా ఆ మలుపులు కంఠతా వచ్చు.

గౌతమి ఒకేసారి రెండు వందల మందితోనే మాట్లాడగలదు. రెండు వందల ఒకటో మనిషిని పొమ్మంటుంది. ఇవాళ ఆ మనిషి ఆసుపత్రి పంటు నర్సు. జ్వరంతో ఉన్న పిల్లకు ఒక మందు పడుతుందో లేదో చూడబోతే జవాబు లేదు. ఆవిడే దోనె వేసుకుని నా దగ్గరకు వచ్చింది. నేను కీబోర్డు ముందు కూర్చుని చూసి చెప్పాను. పిల్ల బాగానే ఉంది.

ఆవిడ దోనె తాడు విప్పి ఇచ్చి లోపలికి వచ్చాను. ఒక మనిషి వచ్చి అడగటం, నేను చూసి చెప్పటం జరిగి ఏడేళ్ళయింది.

శుద్ధ పంచమి. గాలి ఈశాన్యం.

రేడియోలో చెప్పారు. అండమాన్ల దగ్గర అల్పపీడనం. ఇంకా చాలా దూరం.

తీగల పని చూసే ఇమ్మానుయేలుగారితో మాట్లాడాను. ఆయన మూడు యంత్రాలనూ వరసగా చూసి అన్నారు: "ఇద్దరు ఖాళీగా కూచున్నారండి. ఒక్కడే మోస్తున్నాడు. మనుషులైతే ఈపాటికి గొడవైపోను."

నేను అనుకుంటున్నదీ అదే. ముగ్గురి ముందు ఇంకో చిన్న యంత్రం పెట్టాలి. ఊరంతా దానితోనే మాట్లాడాలి. అది తనలో ఏమీ దాచుకోదు. వచ్చినవాళ్ళను చూసి, ఊరికే తెలుసుకోవడానికి వచ్చినవాళ్ళను వశిష్ఠకో వైనతేయకో పంపుతుంది. ఏదైనా కొత్తగా రాయించడానికి వచ్చినవాళ్ళను గౌతమికి పంపుతుంది. దాన్ని ప్రాక్సీ అంటారు.

మధ్యాహ్నం ఇద్దరం పెద్ద సరంగు గంగరాజుగారి దగ్గరికి వెళ్ళాం. ఊరి పెత్తనం ఆయనది. నేను చెప్పిందంతా విని, గడ్డం గోక్కుని అన్నారు.

"అంటే మంగాయమ్మని మళ్ళీ కూచోబెడతానంటావు."

ఆయన నవ్వేసి, "పెట్టండి. తుఫాను ఇటు తిరిగేలోగా అయిపోవాలి," అన్నారు.

శుద్ధ సప్తమి. గాలి లేదు. ఉక్క.

నిన్నా ఇవాళా ఇదే పని. బడి పంటులో మూల పడేసిన యంత్రం ఒకటి ఇమ్మానుయేలుగారు తెచ్చారు. దానిలో లినక్స్ కొత్తగా ఎక్కించాను, మీద ప్రాక్సీ పెట్టాను. దాని నియమాలుండే కాన్ఫిగ్ ఫైలులో మూడు యంత్రాల చిరునామాలూ పోర్టులూ రాశాను. ప్రతి రెండు సెకన్లకూ మూడింటినీ పలకరించి చూడమన్నాను. మూడుసార్లు పలకని దాన్ని పక్కన పెట్టమన్నాను. వెనకున్న ఆ యంత్రాలకు నలభై కనెక్షన్లే తెరిచి ఉంచుతుంది. ముందు నాలుగు వందల మంది వచ్చినా, ఎవర్నీ పొమ్మనకుండా నిలబెట్టి, ఒకరి పని అయ్యాక ఆ దారినే ఇంకొకర్ని పంపుతుంది.

ఆ చిన్న యంత్రాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు కేబుళ్ళన్నీ అందేది ఒక్క చోటే అని తేలింది. కిటికీ పక్క, గోడకు వైర్‌లెస్ సెట్టు తగిలించి ఉన్న చోట. ఆ చోట ఒకప్పుడు స్టూలుండేది.

నేను ఈ పంటులో పనికి చేరింది పంతొమ్మిదో ఏట. అప్పటికి పలకలు లేవు. ప్రతి పంటులోనూ ఒక వైర్‌లెస్ సెట్టు ఉండేది. ఎవరికేం కావాలన్నా పిలిచేవారు. ఆ స్టూలు మీద కూర్చుని మంగాయమ్మగారు "ఆఁ, చెప్పండి," అనేవారు. అడిగింది విని, పక్కనున్న పెద్ద పుస్తకం తీసి చూసి చెప్పేవారు. కొన్నిటికి నావైపు తల తిప్పి "రత్నం, ఆ మందుల పుస్తకం చూడు," అనేవారు. గొంతు వినగానే పంటు నంబరు చెప్పేవారు. పిల్లాడు ఏడుస్తుంటే నీళ్ళ వంతు అడిగినవాళ్ళకు నీళ్ళ సంగతి చెప్పి, "వాడికి చెవి నొప్పేమో చూడమ్మా," అనేవారు. సాయంత్రం పని తెమిలాక, సెట్టు కట్టేసే ముందు ఒక్క నిమిషం ఊరికే వింటూ కూర్చునేవారు. అలల చప్పుడు, ఎవరి పంటులోనో గిన్నెల చప్పుడు.

పలకలొచ్చిన ఏడాది, పెద్ద పుస్తకమంతా గౌతమిలోకి ఎక్కించడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. పని పూర్తయిన రోజు "పిన్నిగారూ, రేపట్నుంచి మీరు రానక్కర్లేదండి," అని చెప్పింది నేనే. విశ్రాంతి ఇస్తున్నాననే అనుకున్నాను. ఆ తర్వాత పది రోజులు ఆవిడ పొద్దున్నే వచ్చి స్టూలు మీద కూర్చుని వెళ్ళారు. పదకొండో రోజు రాలేదు. స్టూలును ఎవరో వలలు కట్టడానికి పట్టుకుపోయారు.

చిన్న యంత్రాన్ని అక్కడే పెట్టాం.

శుద్ధ అష్టమి. గాలి తూర్పు.

ఇవాళ సాయంత్రం మూడు వందల యాభై పంట్లు ఒకేసారి గొంతుల గది తెరిచాయి. ఎవరికీ "పొమ్మ"న్న మాట రాలేదు. గౌతమి ఎంత తేలికగా ఉందంటే ఫ్యాను చప్పుడు కూడా తగ్గింది. వశిష్ఠ, వైనతేయ సమానంగా పంచుకున్నాయి. ఇమ్మానుయేలుగారు ఇంటి నుంచి బెల్లం జీడి తెచ్చారు.

ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు. తేడా ఏమిటో ఎవరికీ తెలియదు కదా. తెలియకపోవటమే పని బాగా జరిగినట్టు లెక్క. అయినా ఎవరైనా ఒక మాట అంటే బాగుండుననిపించింది.

అల్పపీడనం వాయుగుండమయింది.

శుద్ధ దశమి. గాలి తూర్పు, గట్టి.

తప్పు జరిగింది. నా వల్ల.

తుఫాను వస్తే మా ఊరు విడిపోవాలి. కలిసి ఉంటే పంట్లు ఒకదాన్నొకటి కొట్టుకుని పగులుతాయి. పాత కరకట్ట చాటున నీళ్ళలో నాలుగు వందల ముప్పై కాంక్రీటు గూటాలు దిగ్గొట్టి ఉన్నాయి. ఒక గూటానికి ఒక పంటు. ఏ పంటుకు ఏ గూటమన్నది గాలి తీరును బట్టి, పంటు బరువును బట్టి అప్పటికప్పుడు తేలాలి. పలక మీద అడిగితే ఖాళీగా ఉన్నవాటిలో సరిపోయేది చూసి చెబుతుంది.

ఇవాళ తూర్పు వరసలో అరవై పంట్లతో కసరత్తు చేయించారు. డెబ్భై నాలుగో పంటుకు నూట పదిహేడో గూటం వచ్చింది. గౌతమిలో రాసింది. రెండు సెకన్ల తర్వాత ఎనభై ఒకటో పంటువాళ్ళు అడిగారు. ఖాళీలు చూడటం అంటే తెలుసుకోవటమే కదా అని ప్రాక్సీ ఆ ప్రశ్నను వశిష్ఠకు పంపింది. అరవై మంది ఒక్కసారి రాయించటంతో వశిష్ఠ నాలుగు సెకన్లు వెనకబడి ఉంది. దాని లెక్కలో నూట పదిహేడు ఇంకా ఖాళీయే. వాళ్ళకూ అదే ఇచ్చింది.

రెండు పంట్లూ ఒకే గూటానికి వచ్చాయి. గాలి గట్టిగా ఉంది. మధ్యలో తాడు విసరబోయిన నాగిడి సుభద్ర చెయ్యి నలిగింది. మోచేతి కింద రెండు చోట్ల విరిగిందట.

ఆసుపత్రి పంటుకు వెళ్ళాను. సుభద్ర పచ్చడి జాడీలు పగిలిపోయాయని బాధపడుతోంది. నన్ను చూసి "నువ్వేం చేస్తావులే రత్నమ్మక్కా, గాలి అలా ఉంది," అంది. అది గాలి పని కాదని ఆమెకు చెప్పాను. ఆమె నమ్మలేదు. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించింది.

శుద్ధ ఏకాదశి. గాలి తూర్పు. ముసురు.

పెద్ద సరంగు వచ్చారు. కూర్చోలేదు.

"పీకెయ్ దాన్ని. పాతలాగే గౌతమి ఒక్కటే ఉండనీ."

"ఒక్కటే ఉంటే తుఫాను రోజు సగం ఊరికి జవాబు రాదండి. మూడేళ్ళ కిందట అలాగే అయ్యింది, అప్పటికి మూడొందల పంట్లే."

"జవాబు రాకపోతే నన్ను అడుగుతారు. తప్పు జవాబొస్తే ఎవర్ని అడుగుతారు?"

కొంచెం సమయం అడిగాను. ఎల్లుండి పొద్దుటిదాకా గడువిచ్చారు. అప్పటికీ తనకు నమ్మకం కుదరకపోతే ప్రాక్సీ తీసెయ్యాలి.

తొమ్మిదో పంటుకు వెళ్ళాను. మంగాయమ్మగారు గుమ్మంలో కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతున్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. నా అడుగు చప్పుడుకే "రత్నమా," అన్నారు.

ఏడేళ్ళలో నేను ఆ గుమ్మానికి వచ్చింది ఆరేడుసార్లు. పండగకో పరామర్శకో. పని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇవాళ జరిగినదంతా చెప్పాను. ఆవిడ చేతులు ఆగలేదు.

"మనకి పుస్తకానికి నకళ్ళు రెండుండేవి, గుర్తుందా?" అన్నారు.

"ఉందండి. ఆసుపత్రి పంటులో ఒకటి, బడి పంటులో ఒకటి."

"ఎవరెక్కించేవోరు వాటిలో?"

"నేనేనండి. సాయంత్రం పూట."

"మరి గూటం అడిగితే ఎప్పుడైనా నకలు చూసి చెప్పేనా నేను?"

"లేదండి. పెద్ద పుస్తకమే తీసేవారు."

"తీసి?"

ఆలోచించాను. ఇరవయ్యేళ్ళు పక్కన కూర్చుని చూసినదే. "రాసేవారండి. రాసి, సిరా ఆరేదాకా చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. అప్పటిదాకా రెండో మనిషికి జవాబు చెప్పేవారు కాదు. లైన్లో ఉండండి అనేవారు."

"తిట్టేవోరు నన్ను. ముసల్దానికి రాయటం రాదనేవోరు." ఆవిడ నవ్వారు. "తిట్టనీ. నీళ్ళ వంతు నకలు చూసి చెప్పినా కొంపలంటుకోవు. ఆ సైకిలాయన కబుర్లు ఏ పుస్తకంలో విన్నా ఒకటే. గూటం అలాక్కాదు. అడగటమూ పెద్ద పుస్తకాన్నే అడగాలి, రాయటమూ దాన్లోనే రాయాలి. నీ యంత్రానికి ఆ సంగతి చెప్పేవా?"

"చెప్పలేదండి. తెలుసుకోవటం ఒక రకం, రాయటం ఒక రకం అని రెండే నేర్పేను."

"మరి దానిదేం తప్పు?"

నేను లేవబోతూ, "పిన్నిగారూ, ఆ రోజు నేను మిమ్మల్ని రానక్కర్లేదన్నాను," అన్నాను.

"అన్నావు."

"అలా అనకుండా ఉండాల్సిందండి."

ఆవిడ తాడు కొస ముడివేసి పక్కన పెట్టారు. "ఎలా అన్నా అనాల్సిందే కదే. తొంభై గొంతులు గుర్తుండేయి నాకు. నాలుగొందలంటే నావల్ల ఎక్కడవుతుంది." తర్వాత కొత్త పీచు చేతిలోకి తీసుకుంటూ, "నువ్వు సాయంత్రం చెప్పేవు. పొద్దున్న చెప్పుంటే, ఆ రోజు పిలిచినోళ్ళకి వెళ్ళొస్తానని చెప్పుకుందును," అన్నారు.

శుద్ధ ద్వాదశి. గాలి తూర్పు, గట్టి. వాన.

వాయుగుండం తుఫానయింది. ఎల్లుండి మామీదకేనట.

ప్రాక్సీకి కొత్త నియమాలు రాశాను. గూటాల పట్టిక పేరు కనబడితే చాలు, ప్రశ్నయినా రాతయినా గౌతమికే వెళ్ళాలి. ఒకరిది రాయటం పూర్తయ్యేదాకా తర్వాతివాళ్ళు వరసలో నిలబడాలి. మిగతావన్నీ నకళ్ళకు. తన ద్వారా వెళ్ళిన ప్రతి రాతనూ ప్రాక్సీ తన చిట్టాలో కూడా రాసిపెట్టుకోవాలి. పాత కసరత్తునే అరవై బొమ్మ పంట్లతో వందసార్లు నడిపాను. ఒక్కసారి కూడా ఒక గూటం ఇద్దరికి రాలేదు. కొంచెం ఆలస్యమవుతోంది, అంతే.

పెద్ద సరంగు చిట్టా అంతా కూర్చుని చదివారు. "సరే," అన్నారు.

ఇమ్మానుయేలుగారిని తొమ్మిదో పంటుకు పంపాను. పంట్లు విడిపోయేటప్పుడు మంగాయమ్మగారు ఒంటరిగా ఉండటమెందుకని ఒక కారణం. ఇంకో కారణం ఆయనకు చెప్పలేదు. ఆవిడ ఒక సంచీ, మందుల డబ్బాతో వచ్చారు. తిన్నగా కిటికీ పక్కకు వెళ్ళి, చేత్తో తడిమి, స్టూలుండాల్సిన చోట యంత్రం తగిలి ఆగారు.

"ఇదేనా?"

"ఇదేనండి."

అరచెయ్యి దాని మీద పెట్టి చూశారు. "వెచ్చగా ఉంది," అన్నారు.

పక్కన కుర్చీ వేశాను.

చతుర్దశి సాయంత్రం రాస్తున్నాను. గాలి తగ్గుతోంది.

తెల్లవారగానే ఊరు విడిపోవటం మొదలుపెట్టింది. తాళ్ళు విప్పుకుని ఒక్కో పంటూ కరకట్ట చాటుకు మళ్ళుతోంది. పది గంటలకల్లా గాలి హోరు. గొంతుల గదిని నేనే మూసేశాను. పలకల మీద అడిగేవాళ్ళు వరసలో నిలబడ్డారు, గౌతమి ఒక్కొక్కరికీ గూటం రాసి ఇస్తోంది. పదకొండున్నరకు మూడు వందల ఎనభై ఎనిమిది పంట్లకు గూటాలు ఇచ్చేశాం. ఇంకా ఇరవై నాలుగు.

పదకొండూ నలభైకి కేబుళ్ళు వచ్చే కన్నంలోంచి కెరటం లోపలికి కొట్టింది. ఇమ్మానుయేలుగారు గోనెసంచులు కుక్కారు గాని అప్పటికే నీళ్ళు గౌతమి మీద పడ్డాయి. చిన్న చప్పుడు. లైట్లు ఆరిపోయాయి.

ప్రాక్సీ మూడుసార్లు పలకరించి చూసి గౌతమిని పక్కన పెట్టింది. గూటం అడుగుతున్నవాళ్ళను పొమ్మనలేదు, నిలబెట్టింది. వశిష్ఠను నకలు పని మానిపించి అసలుగా మార్చాను. ప్రాక్సీ కాన్ఫిగ్‌లో గౌతమి బదులు వశిష్ఠ అని రాశాను. ఇక తెరవటమే.

తెరవలేదు. గౌతమి పోయేముందు రాసిన చివరి రాతలు వశిష్ఠకు చేరాయో లేదో. ప్రాక్సీ చిట్టానూ వశిష్ఠనూ పక్కపక్కన పెట్టి చూశాను. అయిదు తేడా వచ్చాయి. యాభై ఒకటి, నూట తొంభై ఎనిమిది, రెండు వందల ముప్పై మూడు, రెండు వందల అరవై ఆరు, మూడు వందల నలభై. ఈ అయిదు పంట్లకూ గౌతమి గూటాలు రాసింది. వశిష్ఠ లెక్కలో ఆ అయిదు గూటాలూ ఖాళీ. ఆ జవాబులు వాళ్ళ పలకలకు చేరాయో లేదో తెలియదు. ఇప్పుడు తెరిస్తే మళ్ళీ నూట పదిహేడే.

"పిన్నిగారూ, అయిదుగుర్ని పిలవాలి. ముందు యాభై ఒకటి."

ఆవిడ అప్పటికే సెట్టు తీశారు. ఏడేళ్ళుగా ఎవరూ మాట్లాడని సెట్టు. దీనికీ పంట్లలోని సెట్లకూ ఇమ్మానుయేలుగారు బ్యాటరీలు మాత్రం మారుస్తూ వచ్చారు.

"యాభై ఒకటి, యాభై ఒకటి. యంత్రాల పంటు. ఏ గూటానికి పోతున్నారు, చెప్పండి."

గరగర. తర్వాత ఒక ఆడగొంతు. "రెండొందల మూడండి." ఆవిడ నాకు చెప్పారు, నేను వశిష్ఠలో రాశాను. నూట తొంభై ఎనిమిది పలికింది. రెండు వందల ముప్పై మూడుకు జవాబు చేరలేదు, నేను చిట్టా చూసి చెబితే ఆవిడే వాళ్ళకు గూటం చెప్పారు. మూడు వందల నలభై పలికింది.

రెండు వందల అరవై ఆరు పలకలేదు. చిట్టాలో దానికి ఎనభై ఎనిమిదో గూటం రాసి ఉంది. మోకా తాతారావుగారి పంటు. ఆయనా, భార్యా, ఆవిడ తల్లీ ఉంటారు.

"రెండొందల అరవయ్యారు. తాతారావుగారూ. మీది ఎనభై ఎనిమిదండి. ఎనభై ఎనిమిది."

గరగర తప్ప ఏమీ లేదు.

అంతలో సెట్టులో పెద్ద సరంగు గొంతు. ఆయన తన పంటు మీద నుంచి చూస్తున్నారు. "మూడొందల ఒకటి కొట్టుకుపోతంది. దానికి దగ్గర్లో ఉన్నది ఎనభై ఎనిమిదే. ఇచ్చెయ్యండి."

"అది తాతారావుగారికి రాసేరండి," అన్నారు మంగాయమ్మగారు.

"ఆయన పలకట్లేదు గదా. ఉన్నాడో లేడో. వీళ్ళు పలుకుతున్నారు, అయిదుగురున్నారు."

తేల్చాల్సింది నేనే అని అర్థమయింది. సరంగు మాట ఊరికి ఆజ్ఞ. కాని రాయాల్సిన వేళ్ళు నావి.

"పలకనంత మాత్రాన వినట్లేదని కాదే," అన్నారు మంగాయమ్మగారు, సెట్టు మీద చెయ్యి అడ్డం పెట్టి, నాకు మాత్రమే వినబడేలా. "విని, అటే వస్తా ఉండొచ్చు."

వశిష్ఠలో ఎనభై ఎనిమిది ఎదురుగా రెండు వందల అరవై ఆరు అని రాశాను. మూడు వందల ఒకటికి నూట నలభై రాశాను. అది ఇంకో రెండు వందల గజాల దూరం. "నూట నలభై అని చెప్పండి పిన్నిగారూ." ఆవిడ చెప్పారు. ప్రాక్సీని తెరిచాను. వరసలో నిలబడ్డవాళ్ళందరికీ జవాబులు వెళ్ళాయి.

మూడు వందల ఒకటి ఒక పక్క రేకులు చీల్చుకుని నూట నలభైకి చేరింది. పన్నెండున్నరకు గాని ఆ కబురు రాలేదు. అరగంటసేపు ఆ అయిదుగుర్ని నేనే చంపానని అనుకుంటూ ఉన్నాను.

మంగాయమ్మగారు ఆపలేదు. పది నిమిషాలకోసారి, గాలి చెవులకు చిల్లులు పెడుతున్నా, సాయంత్రం అయిదు దాకా. "రెండొందల అరవయ్యారు. తాతారావుగారూ, ఎనభై ఎనిమిదండి. కట్టుకున్నాక గుంజి చూసుకోండి. పెద్దావిడకి తడి తగలనివ్వకండి." జవాబు లేదు. వానలో ఎనభై ఎనిమిదో గూటం మాకు కనబడదు. గొంతు బొంగురుపోయింది. నేను పిలుస్తానన్నాను. వద్దన్నారు. "నా గొంతయితే ఆయనకి తెలుసు."

అయిదున్నరకు లెక్క తీశాం. నాలుగు వందల పదకొండు పలికాయి.

పున్నమి. గాలి పడమర, తేలిక. ఎండ.

కెరటాలు తగ్గేదాకా దోనెలు వెయ్యొద్దని సరంగు ఆజ్ఞ. తెల్లవారి గౌతమిని విప్పి ఎండలో పెట్టాం. లోపలంతా ఇసుక. ఇక లేవదు. ఊళ్ళో ఎవరికీ ఆ సంగతి తెలియదు. పొద్దున్నే నీళ్ళ వంతులు అడిగారు, జవాబులు వెళ్ళాయి. ఇమ్మానుయేలుగారు టోపీ తీసి కాసేపు దాని పక్కన నిలబడ్డారు. నేను బియ్యం మూటలు మార్చడానికి లేచి, గౌతమి వంతు తగ్గించి తెచ్చుకున్నాను.

మంగాయమ్మగారు కుర్చీలోనే ఉన్నారు. గొంతు పూర్తిగా పోయింది. కాఫీ ఇస్తే చేతిలో పట్టుకుని తాగటం మర్చిపోయారు. "తాతారావుగారిని పొమ్మన్నా బాగుండేదేమో. వేరే ఎక్కడికైనా పోదురు," అని ఒకసారి గుసగుసగా అన్నారు.

ఎనిమిదిన్నరకు బయట తెడ్డు చప్పుడు. ఎవరో పంటు అంచు పట్టుకుని ఎక్కారు. అరవై దాటిన మనిషి, తల నుంచి ఉప్పునీళ్ళు కారుతున్నాయి. భుజానికి వైర్‌లెస్ సెట్టు. దాని మాట్లాడే గొట్టం తీగ సగానికి తెగి వేలాడుతోంది.

నేను నోరు తెరవబోయాను. ఆయన నన్ను దాటుకుని కిటికీ దగ్గరకు వెళ్ళారు. చూపు లేని ఆవిడ ఎదురుగా నిలబడి, సెట్టు కింద పెట్టి, రెండు చేతులూ జోడించారు.

"రెండొందల అరవయ్యారండి," అన్నారు. "వింటానే ఉన్నామండి. ముగ్గురం ఉన్నాం."